తెరుచుకోని డిక్కీ

నరహరి రిమోట్ మీద బటన్ ఒత్తిండు. డిక్కీ లోపట మోటరు గుర్రుమన్నది, తలుపు జర వణికినట్టయింది, అంతే, కీ కీ అని కూసి ఊకున్నది. మళ్ళ ఒత్తిండు. మళ్ళ గదే గుర్రు, గదే కూత. తొలిసారి తన వేలు సరిగ్గ పడలేదేమో అనుకున్నడు, రెండోసారి రిమోట్‌ల సెల్లు అయిపోయిందేమో అనుకున్నడు, మూడోసారికి మాత్రం తల ఎత్తి ముందటి సీటు దిక్కు చూసిండు, ఎందుకంటే ఆ డిక్కీల ఉన్నది కూరగాయల సంచి గాదు, ఉష కుర్సీ. చక్రాల కుర్సీ. ఉషేమో ముందట సీట్ల కూసోని ఉన్నది, ఒళ్ళె బ్యాగు పెట్టుకొని, ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు నలగకుండ మోకాళ్ళ మీద సదురుకొని. కారు ఆగింది దేవరకొండల హైస్కూలు గేటు ముందట. ఎండకాలం సెలవులైపోయి బడి తెరిచిన దినం. ఉష గా బడిల లెక్కల టీచరు, రెండేండ్లకు మళ్ళ డ్యూటీల చేరుతున్నది. ప్రేయరు బెల్లు కొట్టేలోపట గేటు దాటాలె. దాటుడంటే ఊకె దాటుడు గాదు, తన చేతులతోటి చక్రాలు తిప్పుకుంట దాటాలె, ఎవ్వరి చేతుల మీద గాదు. గది ఆమె పట్టు. గా పట్టంతా ఇప్పుడు తెరుచుకోని ఒక రేకు తలుపు ఎనుక పడి ఉన్నది.

"ఏమైంది?" అన్నది ఉష, తల తిప్పకుండ, పక్క అద్దంలకెల్లి చూస్త.

"ఏం లేదు. జర ఆగు."

ఏం లేదు అనుడు నరహరికి అలవాటైపోయింది. మల్లేపల్లి కాడ లారీ ఉష స్కూటీని తాకిచ్చి పోయిన్నాడు తల్లికి ఫోన్ చేసి ఏం లేదన్నడు, హైదరాబాద్ దవాఖానల డాక్టరు ఫిల్మును లైటుకు పెట్టి నడుం కాడ వేలు పెట్టి చూపెట్టినంక బయటికొచ్చి ఉషతోని కూడ ఏం లేదన్నడు. ఏం లేదన్న కొద్ది అన్నీ అయితనే పోయినయి. అయినా నోటికి గదే మాట వస్తది, ఏం చేస్తడు, కండ్లద్దాల దుకాణం నడిపేటోనికి రోజుకు ఎంతమందికి చెప్పాలె గా మాట, ఏం లేదు పెద్దమ్మా నెంబరు జర పెరిగింది అంతే, ఏం లేదు సారు పుల్ల వదులైంది. వదులైన పుల్లకు మర బిగిస్తె అయిపోతది. మనిషికి గట్ల ఏడ బిగిస్తవు. నడుం కాడ బిగించే మర ఉంటె తన జేబుల ఎప్పుడు ఉండే చిన్న స్క్రూడ్రైవరు తోటి గా దినమే బిగించేటోడు, డాక్టరు దాక పోయేటోడే గాదు.

పక్కపొంటి పిల్లలు పోతున్నరు, కొత్త బ్యాగులు, పాత చెప్పులు. ఇద్దరు ఆడపిల్లలు కారు దిక్కు తొంగిచూసి ఒకరి చెవుల ఒకరు ఏందో అనుకున్నరు, "ఉషా మేడం" అన్న మాట నరహరికి వినపడ్డది, ఉషకు కూడ వినపడే ఉంటది, ఆమె మెడ జర నిటారుగ అయింది. ఆమె మెడ ఎప్పుడు గట్లైతదో నరహరికి తెలుసు. నల్లగొండల మేనమామ బిడ్డ పెండ్లినాడు చూసిండు మొదలు. స్టేజీకి మెట్లున్నయి, పిల్ల, పిల్లగాడు స్టేజీ మీద నిలబడి ఉన్నరు, ఫోటో దిగాలె రా వదినా అని నలుగురు తమ్ముండ్లు వచ్చి, నువ్వు కదలకు మేమున్నం అని, కుర్సీతోని సహా లేపిన్రు. కొంగు చక్రంల పడి గుంజుకపోయింది. ఒకడు నవ్వుకుంట దేవతను ఊరేగిస్తున్నం తప్పుకోన్రి అన్నడు. హాలంత తిరిగి చూసింది. అందరు మంచోళ్ళే, ప్రేమతోటే చేసిన్రు, అదే కష్టం, తిట్టుకుందామంటె ఒక్కడు దొరకడు. ఇంటికొచ్చినంక ఉష ఏడ్వలేదు, అరవలేదు, తలల పూలు తీసి పక్కన పెట్టి ఒక్కటే మాటన్నది. "మూటను గాదు నేను. ఇగ నన్ను ఎవ్వరు ఎత్తద్దు. నువ్వు సుత." అప్పటికెల్లి మంచంల నుంచి కుర్సీలకు, కుర్సీలకెల్లి కారు సీట్లకు, మధ్యల ఒక చెక్కపలక పెట్టుకొని తనే జరుగుతది. ఎంతసేపైనా కానీ, పక్కకు నిలబడి చూడాలె, చెయ్యి పెట్టొద్దు. చెయ్యి పెట్టకుండ నిలబడుడు ఎంత కష్టమో నరహరికి మునుపు తెల్వదు.

గందుకే కొన్నరు ఈ బండి. పాతదే, హైదరాబాద్‌ల ఎవరో వాడి అమ్మింది. మొదలున్న చిన్న కారుకు డిక్కీ ఎత్తితె మీదికి పోయి నిలబడేది, కుర్సీల కూసున్న మనిషికి అందదు, ఎవరో ఒకరు వచ్చి దించాలె. దీనికైతె బటన్. ఉష రిమోట్ పట్టుకొని ఒత్తితే తలుపు మెల్లగ, పెద్దమనిషి లెక్క, తనంతట తానే లేస్తది, తనంతట తానే దిగుతది. తెచ్చిన దినం వాకిట్ల కూసోని ఎన్నిసార్లు ఒత్తిందో, లేపుడు, దించుడు, లేపుడు, దించుడు. బ్యాటరీ దిగుతది చాలు అని నరహరి అంటె, "ఇంట్ల నా మాట ఇనేది ఇదొక్కటే, ఒత్తనీ" అని నవ్వింది. నవ్వి ఎన్ని నెలలైందో, నరహరి బ్యాటరీ ముచ్చట మళ్ళ తీయలేదు. ఇప్పుడు గా మాట ఇనేది ఇయ్యాళనే మొండికేసింది. ఏ అంగడికి పోయిన్నాడో, ఏ దావత్‌కు పోయిన్నాడో చెడిపోతె ఏం పోయేది.

ఫోన్ తీసి నల్లగొండల ఖలీద్‌కు కలిపిండు. బండ్ల కరెంటు పనిల ఖలీద్ చెయ్యి మంచిది, నోరు ఇంక మంచిది. "సప్పుడు వస్తాందా అన్నా?" అన్నడు ఖలీద్. వస్తాందన్నడు. "గయితే ఫ్యూజు మంచిగున్నట్టే. మోటరు దమ్ము పెడ్తాంది, లాకు ఇడుస్తలేదు. ఒకపాలి అన్ని తలుపులు లాకు చేసి మళ్ళ తీయి. స్టీరింగు కింద ఎడమ దిక్కు ఒక బటన్ ఉంటది, అది ఆఫ్‌ల ఉన్నదేమో చూడు. ఫికర్ చెయ్యకు." నరహరి అన్ని తలుపులు లాకు చేసిండు, తీసిండు. స్టీరింగు కింద బటన్ చూసిండు, ఆన్‌లనే ఉన్నది. ఎందుకైనా మంచిదని ఆఫ్ చేసి ఆన్ చేసిండు. బానెట్ లేపి బ్యాటరీ తీగె జర కదిలిచ్చిండు, ఫ్యూజుల డబ్బ మూత తీసి చూసిండు, చూస్తె ఏం తెలుస్తది, అన్ని రంగురంగుల బిళ్ళలు. మళ్ళ ఎనుకకు వచ్చి అరచేతితోని డిక్కీని కింద ఒత్తి పట్టుకొని బటన్ ఒత్తిండు. గుర్రు. కూత. రెండు చేతులతోని మీదికి గుంజబోయిండు, గుంజబోయి ఆగిండు, ఎందుకంటే గుంజకు అన్న మాట చెవుల పడ్డది, బాపు గొంతుతోటి.

బాపు లక్ష్మీనర్సయ్య మగ్గం నేసేటోడు. గుంట మగ్గం. నడుం కాడికి మనిషి నేల మీద, కాళ్ళు నేల లోపట గుంటల, తొక్కుడు చెక్కల మీద. చిన్నగున్నప్పుడు నరహరి గుంటలకు దిగి బాపు కాళ్ళ పక్కన కూసునేటోడు, మీద సప్పుడు, కింద చీకటి, గా చీకట్ల రెండు కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేసుడు దిగుడు. గా కాళ్ళు లేకుంటె మీద చేతులు ఏం చేస్తయి అనుకునేటోడు అప్పుడు. ఉషకు నడుం పోయినంక గా గుంట శానసార్లు యాదికొచ్చింది, కింద కాళ్ళు ఆగిపోతె మీద చీర నేసుడు ఎట్ల అని. గని ఉష చేతులు ఆగలేదు, కోపం కూడ ఆగలేదు, బోర్డు లేకుంటె ఏంది పలక మీద చెప్తనని ఇంటి పక్క పిల్లలకు లెక్కలు చెప్పుడు ఆగలేదు. మగ్గం ఏడన్న పట్టేస్తె బాపు గుంజేటోడు గాదు. బీడీ ముట్టిచ్చుకొని నిమ్మళంగ కూసునేటోడు. "గుంజకు రా. ఏడ పట్టిందో చూడు. గుంజితే పట్టింది ఒకటే పోగు, తెగేటివి పది." నరహరి చేతులు ఇడిచిండు. ఏడ పట్టిందో చూడాలె, గని బయటికెల్లి చూస్తె తలుపు, తలుపు మీద తన మొఖం, అంతే.

"మేడం, నమస్తే మేడం." డ్రిల్లు సారు జాషువా, మెడల విజిలు, గేటు లోపటికెల్లి ఉరికొచ్చిండు. డిక్కీ తెరుచుకుంటలేదని తెలుసుకొని, వంగి ఉష కిటికీ కాడ చేతులు పెట్టి, "దీనికి ఇంత పరేషానెందుకు, నేను, మీ సారు, ఇద్దరం అటొకరం ఇటొకరం పట్టుకుంటె రెండు నిమిషాలల్ల స్టాఫ్ రూంల కూసుంటరు" అన్నడు. ఎంత మంచి మనిషి. ఉష మెడ మళ్ళ నిటారైంది. "వద్దు సారు. మీరు పోన్రి, ప్రేయరు చూసుకోన్రి, వస్తున్న." గొంతు మెత్తగనే ఉన్నది. జాషువా సారు నరహరి దిక్కు చూసిండు, నరహరి నేల దిక్కు చూసిండు. సారు గేటు కాడికి పోయి అక్కడనే నిలబడ్డడు, పోబుద్ధి గాక.

ఒకవేళ బెల్లు కొట్టి, ప్రేయరు అయిపోయి, పిల్లలంత క్లాసులల్లకు పోయినంక నిమ్మళంగ కుర్సీ దిగితె? కాదు. లేటైతె హెడ్‌మాస్టరు ఏమనడు, పాపం అంటడు, గా పాపం అనే మాట కోసమే కదా రెండేండ్లు బడి దిక్కు రాంది. ఇంటికి పోతె? ఇంటికి పోతె అమ్మ ఏమంటదో నరహరికి తెలుసు, లేదా తెలుసనుకుంటున్నడు. అమ్మ ఆండాళు నోరు మెత్తనిది గాదు. ఉష డ్యూటీల చేరుతనన్న దినం చాటల బియ్యం చెరుగుకుంట తల ఎత్తకుండ, "గా బడికి పొయ్యి అందరి మొఖాలు చూసుడెందుకు, ఇంట్లనే నలుగురు పిల్లల్ని కూసోబెట్టుకోరాదు" అన్నది. నరహరికి మండింది. కోడలు గిట్ల నలుగురిల కనపడుడు అమ్మకు నామోషి అనుకున్నడు. ఉష కూడ గట్లనే అనుకున్నదేమో. అత్తాకోడళ్ళు ఒక ఇంట్ల ఉన్నరు గని పగలంత దుకాణంల ఉండే నరహరికి వాళ్ళ మధ్యన ఏం మాటలు నడుస్తయో, అసలు నడుస్తయో లేదో తెల్వదు. పొద్దుగాల కూడ అంతే, వీళ్ళు బయలెల్లుతుంటె అమ్మ బయటికొచ్చి పోయిరా అని కూడ అన్లేదు, కుర్సీ పెట్టినంక, డిక్కీ ఇంక మూయకముందు, బండి చుట్టు చెంబు పట్టుకొని తిరిగి లోపటికి పోయింది.

ఫోన్ మోగింది. ఖలీదే. "అన్నా, ఎనుక సీటు పడగొట్టి లోపటికి పో. తలుపుకు లోపటి దిక్కు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటది. అది పీకితె లోపట తెల్లగ నాలుక లెక్క ఉంటది, స్క్రూడ్రైవరు పెట్టి పక్కకు జరుపు. లాకు ఇడుస్తది. గుంజుడు మాత్రం చెయ్యకు, మోటరు పోతది." అందరు గుంజకనే అంటరు.

ఎనుక సీటు మడిచి, చెప్పులు ఇడిచి, నరహరి డిక్కీలకు పాకిండు. లోపట ఎండకు అప్పుడే ఉడికిపోతాంది. కుర్సీ మడిచి పండబెట్టి ఉన్నది, దాని పక్కన మనిషి పట్టేంత జాగా లేదు, ఒక చక్రం పక్కటెముకలల్ల గుచ్చుకుంటాంది, మోకాళ్ళు గదుమకు వస్తున్నయి. రబ్బరు వాసన, ఉష చేతులకు రాసుకునే క్రీము వాసన చక్రాల అంచుకు. గిట్ల ఎల్లెలుకల పండుకుంటె దవాఖానల ఉష చూసిన చూపు అర్థమైంది నరహరికి. నెలల తరబడి ఆమె చూసింది గిదే, కప్పు, ఒంగి మాట్లాడే మొఖాలు. ఎవరొచ్చినా మీదికెల్లి మాట్లాడేటోళ్ళే. ఫోన్ లైటు వేసి మూత దొరకబట్టి పీకిండు. తెల్ల నాలుక కనపడ్డది. స్క్రూడ్రైవరు పెట్టి జరిపిండు. జరగలేదు. ఇంక గట్టిగ. జరగలేదు. ఏడ పట్టిందో చూడు. లైటు కిందికి తిప్పిండు, తలుపు వచ్చి కూసునే అంచు కాడికి, లాకు కొక్కెం కాడికి.

పచ్చగ ఉన్నది. పసుపు. ఒక పూత గాదు, పూత మీద పూత, ఎండి పెచ్చులు కట్టిన పసుపు, దాని మీద ముగ్గుపిండి గీతలు, దాని మీద కుంకుమ బొట్లు, అన్నిటికంటె మీద ఇయ్యాళ పొద్దుగాలటి తడి పూత. అంచు పొడుగుత ఉన్నది, కొక్కెం మీద ఇంక మందంగ ఉన్నది, కొక్కెం దవడల్ల ఇరికి సిమెంటు లెక్క గట్టిపడ్డది. ఆడాడ పసుపు ఉండుడు నరహరి మునుపు చూసిండు, బండి తెచ్చిన దినం చేసిన పూజదే అనుకున్నడు, గుడ్డతోటి తుడవడానికి కూడ పుర్సత్ లేక ఇడిచిపెట్టిండు. ఇది ఒక దినం పూజది గాదు. పండుకున్న కాడికెల్లే అమ్మకు ఫోన్ కలిపిండు.

"డిక్కీకి పసుపు రాస్తున్నవా అమ్మా?"

"రాయొద్దా?" అన్నది ఆండాళు. "గడపకు శుక్రారం శుక్రారం రాస్తలేనా? ఇయ్యాళ బడికి పోతాందని రాసిన."

"అది గడప గాదే, బండి డిక్కీ."

"నీకు గాదు. నీకు కాళ్ళున్నయి, నువ్వు పక్క తలుపులకెల్లి దిగుతవు. ఆమె కాళ్ళు గా కుర్సీయే కద. కుర్సీ ఏడికెల్లి దాటి బయటికొస్తదో గదే ఆమె గడప. పసుపు లేని గడప దాటిచ్చి పంపాల్నా కోడల్ని?"

లాకుల ఇరికింది అని చెప్పిండు, తెరుచుకుంటలేదు అని చెప్పిండు నరహరి. "ఆమె లోపటికి పోలేదా ఇంక? ఫోన్ ఆమెకియ్యి" అన్నది ఆండాళు. నరహరి సీట్ల సందులకెల్లి చెయ్యి సాపి ఫోన్ ముందటికి ఇచ్చిండు. ఉష చెవికి పెట్టుకున్నది. ఊఁ అన్నది. మళ్ళ ఊఁ అన్నది. "లేదు అత్తమ్మా." కొంచెం సేపు ఇన్నది. "సరే," అన్నది, ఫోన్ ఎనుకకు ఇచ్చింది.

నరహరి స్క్రూడ్రైవరు మొనతోటి పసుపు గీకుడు మొదలువెట్టిండు, నీళ్ళ సీసలకెల్లి నాలుగు చుక్కలు పోసి, నానబెట్టి, మళ్ళ గీకి. కండ్లద్దాల మరలల్ల చెమట తుప్పు గీకే చెయ్యి గద, గా పని వచ్చు. పెచ్చులు రాలినయి, చొక్క మీద, మెడ మీద, నోట్ల. చేదుగున్నది. ఎంత తప్పుగ అనుకున్నడు అమ్మను, ఎన్ని నెలల సంది అనుకుంటున్నడు. సిగ్గనిపించింది, నిజంగనే సిగ్గనిపించింది, ఇంత ఇరుకుల పండుకొని సిగ్గుపడుడు ఇంక కష్టం. తెల్ల నాలుకకు స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగ జరిపిండు. టక్కుమన్నది. కాలుతోటి తలుపును ఒత్తితే మీదికి లేసింది, గాలి లోపటికొచ్చింది. నరహరి జరిగి కిందికి దిగి, కుర్సీని దించి, విప్పి, ఉష తలుపు కాడ పెట్టి, పక్కకు నిలబడ్డడు. చెక్కపలక అందిచ్చిండు. ఉష అందుకోలేదు.

"దీని చక్రాలు నడిమి బటన్ ఒత్తితే ఊడొస్తయి," అన్నది ఉష, కుర్సీ దిక్కే చూస్త. "చక్రాలు తీస్తె కుర్సీ పక్క తలుపులకెల్లి బయటికి ఎల్తది. నువ్వు తొలిసారి బటన్ ఒత్తినప్పుడే నాకు యాదికొచ్చింది."

"మరి చెప్పలేదేంది?"

"తెరుచుకోకుంటె బాగుండు అనుకున్న."

కోపం వస్తదనుకున్నడు నరహరి, రాలేదు. ఆమెకు భయముంటదని తనకు తోచనే లేదు, నిటారు మెడకు భయం ఏడుంటది అనుకున్నడు. ఆ మాటకొస్తె, డిక్కీలకు పాకేముందు సీటు మడిచినప్పుడు కుర్సీ కనపడ్డది కద, పక్కకెల్లి గుంజొచ్చా అన్న ఆలోచన తనకెందుకు రాలేదు, తన భయం గూడ గందులనే ఉన్నదేమో. "ఇంటికి పోదామా మరి?" అన్నడు. ఎత్తిపొడుపు గాదు, నిజంగనే అడిగిండు.

"అత్తమ్మ తలుపు తీయదట," అన్నది ఉష. "తిరిగొస్తె బయటనే కూసోబెడ్తనన్నది." జర నవ్వింది. పలక అందుకున్నది, సీటుకు కుర్సీకి మధ్యల పెట్టుకున్నది, జరిగింది, ఆగింది, జరిగింది. కొంగు సదురుకున్నది. బ్యాగు ఒళ్ళె పెట్టుకొని చక్రాల మీద చేతులు వేసింది.

గేటు కాడికి పోయినంక కనపడ్డది. ఎండకాలంల వరండకు ర్యాంపు కట్టిన్రు, సిమెంటు కొత్తగ మెరుస్తాంది, మంచిగ కట్టిన్రు. గని గేటు జరిగే ఇనుప పట్టా నేలకెల్లి నాలుగు వేళ్ళ ఎత్తు లేసి ఉన్నది, గేటు పొడుగుత. నడిచేటోళ్ళు రోజు దాటుతరు, ఎవ్వరి కంటికి పడలేదు, నరహరి కంటికి సుత పడలేదు. ముందటి చిన్న చక్రాలు పట్టాకు తాకి ఆగినయి. లోపట ప్రేయరుకు వరుసలు కడుతున్న పిల్లలు తిరిగి చూసిన్రు. జాషువా సారు రెండు చేతులు ముందుకు పెట్టుకొని ఉరికొచ్చిండు. నరహరి ఎనుకకెల్లి కుర్సీ పిడులు పట్టబోయిండు.

"ఎవ్వరు పట్టుకోవద్దు," అన్నది ఉష.

కుర్సీని జర ఎనుకకు తీసింది. చక్రాలను ఎనుకకు గుంజి ఒక్కసారి ముందటికి ఇసిరినట్టు తిప్పింది, ముందటి చక్రాలు గాలిలకు లేసినయి, మనిషి ఎల్లెలుకల పడ్తదని నరహరి చేతులు తనకు తెల్వకనే సాపిండు. ఆమె పడలేదు. చిన్న చక్రాలు పట్టా అవతల దిగినయి. ముందుకు ఒంగి, పండ్లు బిగపట్టి, పెద్ద చక్రాలను గట్టిగ తోసింది. ఒకపాలి ఎక్కలేదు. రెండోపాలి ఎక్కి, దడేలుమని అవతల దిగినయి. జాషువా సారు చేతులు అట్లనే ఉన్నయి, నరహరి చేతులు అట్లనే ఉన్నయి, పట్టుకోవడానికి ఏం లేక.

"గిది ఎప్పుడు నేర్చుకున్నవు?"

"నువ్వు దుకాణంల ఉన్నప్పుడు, మనింటి గడప మీద," అన్నది ఉష, ఊపిరి ఎగబోసుకుంట. "అత్తమ్మ ఎనుక నిలబడేది."

"పట్టుకొనా?"

"పట్టుకోకుండ."

బెల్లు కొట్టింది. ఉష నుదుటి మీద చెమట కొంగుతోటి అద్దుకొని, చక్రాలు తిప్పి, సగం తిరిగి నరహరిని చూసింది.

"ఇగ నువ్వు పో," అన్నది, "దుకాణం తెరువు."